యంత్రానికి కావలివాడు

గుడివాడ నుంచి ముదినేపల్లి మీదుగా కైకలూరు పోయే దారిలో రోడ్డుకు ఇరుప్రక్కలా నీళ్ళు కనిపిస్తాయి. ఒకప్పుడు వరి పండిన ఆ నేలలో చాలా భాగం ఇప్పుడు చేపల చెరువులయినది. బందరుకు దక్షిణంగా, కృష్ణానది పాయల నడుమ ఉన్న దివిసీమలో నాగాయలంక, కోడూరు ప్రాంతాలకు పోతే రొయ్యల చెరువులు కనిపిస్తాయి. ఈ చెరువుల గట్లమీద రాత్రి మూడు, నాలుగు గంటల వేళ రైతు నిశ్చింతగా నిద్రపోలేడు. అందుకు కారణం నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు.

నీటిలో ఉండే కంటికి కనిపించని ఆకుపచ్చని మొక్కలు పగలు ఎండలో ప్రాణవాయువును తయారు చేస్తాయి. రాత్రి అవి కూడా చేపలవలె, రొయ్యలవలె దానిని పీల్చుకొనేవే. అందుచేత ప్రొద్దుగూకింది మొదలు నీటిలోని నిలువ తరుగుతూ పోయి, సూర్యోదయానికి కొంచెం ముందు అడుగంటుతుంది. లీటరు నీటిలో నాలుగైదు మిల్లీగ్రాములు కరిగి ఉంటే రొయ్యకు సుఖం. మూడుకు దిగితే ఇబ్బంది మొదలవుతుంది. ఇంకా దిగిందా, కొద్ది గంటలలో పంట అంతా పోవచ్చును. దీనిని తప్పించడానికే తెడ్లచక్రాలు తిప్పి నీటిని చిలికే ఏరేటర్లు. మబ్బు పట్టిన రోజున ఎండ లేక ప్రాణవాయువు తయారీయే తక్కువ. అదే రోజున గాలివానకు కరెంటు పోవడమూ, వచ్చీరాకుండా ఊగిసలాడడమూ ఎక్కువ. అంటే ఏరేటరు అవసరం అధికంగా ఉన్న రాత్రే దానికి ఆటంకాలూ అధికమన్నమాట.

ఏరేటర్లను వేయడానికీ ఆపడానికీ గట్టుమీది పాకలో మనిషిని పెట్టడం పాత పద్ధతి. ఆ పని చిన్న పెట్టెకు అప్పగించవచ్చును. ఆ పెట్టెలో ప్రధానమైనది మైక్రోకంట్రోలరు, అనగా సూక్ష్మ నియంత్రకం. గోరంత సిలికాన్ పలుకులో లెక్కలు చేసే భాగము, జ్ఞాపకశక్తి, కాలాన్ని కొలిచే గడియారాలు అన్నీ ఇమిడి ఉంటాయి. దానికి రాసి ఇచ్చిన కార్యక్రమం గానుగెద్దు వంటిది. ఎప్పుడూ ఒకే చుట్టు తిరుగుతుంది. నీటిలోని కొలమానాన్ని చదువు, నాలుగుకు తక్కువైతే స్టార్టరుకు ఆజ్ఞ ఇయ్యి, రైతు ఫోనుకు సందేశం పంపవలసి ఉంటే పంపు, మళ్ళీ మొదటికి రా. ఇంతే దాని పని. ఎద్దు తిరిగినంత కాలం చింత లేదు. మరి ఎద్దు నిలిచిపోతే?

యంత్రానికి మూర్ఛ ఎట్లా వస్తుంది?

పెట్టె కాలిపోవడం వేరు, మూర్ఛపోవడం వేరు. కాలిపోయిన పెట్టెను చూడగానే తెలుసుకోవచ్చును. మూర్ఛపోయిన పెట్టెలో ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది, తెరమీద అంకెలు కనిపిస్తూనే ఉంటాయి. అవి మాత్రం గంట క్రితం అంకెలు. ఏరేటరు ఆగి ఉన్న సమయంలో మూర్ఛ వచ్చి ఉంటే అది ఆగే ఉంటుంది. ప్రాణవాయువు మూడుకు దిగినా, రెండుకు దిగినా పెట్టెకు పట్టదు.

ఇందుకు కారణాలు పలు విధాలు. చెరువు మధ్యలోని కొలమానం నుంచి పాకదాకా పోయే పొడుగాటి తీగ, దగ్గరలో పిడుగు పడినప్పుడు ఏరియల్‌లాగా పనిచేసి లోపలికి విద్యుత్ తరంగాన్ని మోసుకొని వస్తుంది. స్టార్టరులోని తీగచుట్టను ఆపే క్షణంలో దాని నుంచి ఎదురు వోల్టేజి పుడుతుంది. ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుమెక్కి ఒకప్పుడు అంటుతూ ఒకప్పుడు అంటక ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటైనా, తర్వాత చేయవలసిన ఆజ్ఞ ఎక్కడ ఉన్నదో గుర్తుపెట్టుకొనే గడిలో ఒక్క సున్నాను ఒకటిగా మార్చితే చాలు. నియంత్రకం తన దారి తప్పి, ఎక్కడో పడి, అక్కడే గింగిరాలు తిరుగుతుంది.

ఇవన్నీ బయటి కారణాలు. లోపలి కారణం ఇంకొకటి ఉన్నది. దానిని చెప్పుకోవడానికి కార్యక్రమం రాసినవారు ఇష్టపడరు. “కొలమానం సమాధానం చెప్పేదాకా కాచుకో” అని ఒక ఆజ్ఞ రాస్తారు. గదిలో బల్లమీద పరీక్షించినప్పుడు కొలమానం ఎప్పుడూ సమాధానం చెబుతుంది. చెరువులో ఎలుక తీగ కొరికిన రాత్రి సమాధానం రాదు. నియంత్రకం ఆజ్ఞకు కట్టుబడి తెల్లవార్లూ కాచుకొనే ఉంటుంది. దానిలో ఏ లోపమూ లేదు, చెప్పినట్లే చేసింది.

మనిషి దగ్గర ఉంటే ఏమి చేస్తాడు? స్విచ్చి ఒకసారి ఆపి మళ్ళీ వేస్తాడు. యంత్రం మొదటి ఆజ్ఞ నుంచి శుభ్రంగా బయలుదేరుతుంది. ఆ మనిషి చేయి లేనిచోట ఆ పని చేసే అమరికనే వాచ్‌డాగ్ టైమరు అంటారు. కావలి గడియారం అనవచ్చును.

పారాహుషార్

పూర్వం కోటల దగ్గర, ఖజానాల దగ్గర రాత్రి కాపలా కాసే సిపాయి నియమిత కాలానికి ఒకసారి “పారాహుషార్” అని కేక వేసేవాడు. ఆ కేక దొంగలను భయపెట్టడానికి మాత్రమే కాదు. కేక వినబడవలసిన వేళకు వినబడకపోతే కాపలావాడు నిద్రపోయాడనో, వానికి ఏదో అయినదనో పై అధికారికి తెలిసేది. కావలి గడియారం ఆ పై అధికారి వంటిది. అది ఒక అంకె నుంచి క్రిందికి లెక్కపెట్టుకుంటూ వస్తుంది. నియంత్రకం తన చుట్టు పూర్తి చేసినప్పుడల్లా దానికి కేక వేయాలి. వేస్తే లెక్క మళ్ళీ మొదటికి పోతుంది. వేయకపోతే లెక్క సున్నాకు చేరి, రీసెట్ తీగను లాగి, నియంత్రకాన్ని మొదటి నుంచి బయలుదేరదీస్తుంది.

1969 జూలైలో చంద్రునిమీద మనుష్యులను దింపిన అపోలో నౌకలోని గణనయంత్రంలో ఇట్టి అమరిక ఉన్నది. దానికి ఇంజనీర్లు పెట్టిన పేరు కూడా “రాత్రి కావలివాడు” అనే అర్థమిచ్చేదే. కార్యక్రమం ఒక నిర్ణీతమైన చోటును ఒకటి రెండు సెకన్లలో ముట్టకపోతే అది యంత్రాన్ని తిరిగి ప్రారంభించేది. ఆనాడు ఒక పెద్ద పెట్టెనిండా పట్టిన ఏర్పాటు నేడు కొద్ది రూపాయల పలుకులో ఒక మూల ఉంటున్నది.

కావలివాడు కాపలావానితో కలిసి నిద్రపోకూడదు గదా. అందుచేత మంచి నియంత్రకాలలో కావలి గడియారానికి వేరే స్పందన మూలం ఉంటుంది. విద్యార్థులు ఎక్కువగా వాడే ఏటీమెగా328పీ అనే నియంత్రకంలో అది సెకనుకు సుమారు 1,28,000 సార్లు కొట్టుకొనే సొంత గడియారం. ప్రధాన స్ఫటికం ఆగిపోయినా ఇది నడుస్తుంది. దీని గడువును 16 మిల్లీ సెకన్ల నుంచి 8 సెకన్ల వరకు పెట్టుకోవచ్చును.

గడువు ఎంత ఉండాలన్నది పుస్తకంలో దొరికే అంకె కాదు. చుట్టు పూర్తి కావడానికి ఎంత ఆలస్యమైనా ఎంత పడుతుందో దానికంటె ఎక్కువ ఉండాలి. యంత్రం ఆగిపోతే నష్టం ఎంతసేపటిలో మొదలవుతుందో దానికంటె తక్కువ ఉండాలి. చెరువులో నష్టం నిమిషాలమీద వచ్చేది. కాబట్టి 8 సెకన్ల గడువు హాయిగా సరిపోతుంది. అయితే ఫోను సందేశం పంపడానికి ఒక్కొక్కప్పుడు అర నిమిషం పట్టవచ్చును. అప్పుడు గడువును తొలగించడం తెలివితక్కువ. పంపే పనిని ముక్కలు చేసి, ప్రతి చుట్టులో ఒక ముక్క చేయాలి.

కేక ఎక్కడ నుంచి వేయాలి?

చాలామంది ఇక్కడే పొరపడుతుంటారు. నియంత్రకంలో ఇంకొక సదుపాయం ఉన్నది: ప్రధాన కార్యక్రమం ఏమి చేస్తున్నా సరే, నియమిత కాలానికి ఒకసారి దానిని ఆపి చిన్న పని ఒకటి చేయించుకొని పంపే అంతరాయం. కేక వేసే పనిని ఈ అంతరాయానికి అప్పగిస్తే తప్పకుండా జరుగుతుందని తోస్తుంది. తప్పకుండా జరుగుతుంది; అదే ప్రమాదం. గానుగెద్దు నిలిచిపోయినా అంతరాయం మాత్రం ఠంచనుగా కేకలు వేస్తూనే ఉంటుంది. ఇది సిపాయి నిద్రపోతూ తన బదులు గ్రామఫోను రికార్డు పెట్టి పోయినట్లు. ఇట్లా అమర్చిన కావలి గడియారం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నిజానికి ఉండడమే అధ్వాన్నం, ఎందుచేతనంటే ఉన్నదన్న ధీమా ఉంటుంది.

కేక ఒకేచోట, చుట్టు చివర వేయాలి. అదీ పనులన్నీ జరిగినట్లు రుజువు చూసిన తర్వాతనే వేయాలి. కొలమానం చదివే పని, స్టార్టరును నడిపే పని, సందేశం పంపే పని, ఒక్కొక్కటీ తన వంతు పూర్తికాగానే పట్టీలో ఒక గుర్తు పెట్టాలి. చుట్టు చివర మూడు గుర్తులూ ఉంటేనే కేక వేసి, గుర్తులను తుడిచివేయాలి. ఒక్కటి లోపించినా మౌనం. రీసెట్ సంగతి కావలి గడియారం చూసుకొంటుంది.

కేకలు మరీ త్వరత్వరగా వినబడడం కూడా అనుమానించవలసిన లక్షణమే. దారితప్పిన నియంత్రకం ఒక్కొక్కప్పుడు కేక వేసే ఆజ్ఞ చుట్టూనే తిరుగుతూ ఉండిపోవచ్చును. అందుచేత కొన్ని నియంత్రకాలలో కిటికీ కావలి అనే రకం కూడా ఉన్నది. గడువుకు మించి ఆలస్యమైనా, ఒక హద్దుకు ముందే తొందరపడినా అది ఊరుకోదు.

పనులు ఒకదానినొకటి అడ్డుకోవడం ఎట్లా ఉంటుందో అంగారక గ్రహంమీద కనబడింది. అమెరికావారి పాత్‌ఫైండర్ నౌక 1997 జూలై 4న అక్కడ దిగి, కొన్నాళ్ళకు తనంతట తాను మళ్ళీ మళ్ళీ మొదటి నుంచి బయలుదేరడం మొదలుపెట్టింది. వాతావరణ వివరాలు సేకరించే పని తక్కువ ప్రాధాన్యం గలది. అది అందరూ వాడుకొనే ఒక తాళం తన దగ్గర పెట్టుకొని ఉండగా, నడిమి ప్రాధాన్యం గల పని వచ్చి దానిని ప్రక్కకు నెట్టింది. ఆ తాళం కోసమే అత్యంత ముఖ్యమైన పని కాచుకొని కూర్చున్నది. ముఖ్యమైన పని వేళకు పూర్తికాలేదని కావలి గడియారం గుర్తించి యంత్రాన్ని రీసెట్ చేసింది. భూమిమీది జంట యంత్రంలో ఇంజనీర్లు అదే చిక్కును పుట్టించి, కారణం కనుక్కొని, దిద్దుబాటును రేడియో ద్వారా పంపారు. కావలి గడియారం జబ్బును నయం చేయలేదు. వైద్యుడు వచ్చేదాకా రోగిని బ్రతికించింది.

దిగజారే వోల్టేజి

వోల్టేజి సరిగా లేనప్పుడు కావలి గడియారం ఒక్కటే చాలదు. కరెంటు పూర్తిగా పోవడం యంత్రానికి అంత చెరుపు కాదు. వచ్చినప్పుడు మొదటి నుంచి బయలుదేరుతుంది. సగం పోవడమే చెరుపు. దీనిని మన పల్లెలలో లో వోల్టేజి అంటారు. అప్పుడు పెట్టె లోపల జరిగేదాన్ని అంకెలలో చూద్దాము.

పెట్టెలో 230 వోల్టులను 9 వోల్టులకు దించే చిన్న ట్రాన్స్‌ఫార్మరు, దాని వెనుక ప్రవాహాన్ని ఏకముఖం చేసే డయోడులు, ఒక పెద్ద కండెన్సరు, ఆ వెనుక 7805 అనే 5 వోల్టుల నియామకం ఉన్నాయనుకుందాము. ఇది చాలా సాధారణమైన అమరిక. 9 వోల్టుల ఏకాంతర ప్రవాహపు శిఖరం సుమారు 12.7 వోల్టులు. రెండు డయోడులు 1.4 తినివేస్తే 11.3 మిగులుతుంది. 7805కు తన 5 వోల్టులు ఇవ్వడానికి లోపలికి సుమారు 7 కావాలి. కాబట్టి కావలసినంత మిగులు ఉన్నట్లే. ఇప్పుడు లైను 140 వోల్టులకు పడిందనుకోండి. శిఖరం 7.75; డయోడుల తర్వాత 6.35, నియామకం తన 2 తీసుకొంటే 4.35. కండెన్సరుమీద అలలు ఒక వోల్టు ఎత్తున ఉంటే, నియంత్రకానికి చేరేది 4.35కూ 3.35కూ మధ్య సెకనుకు 100 సార్లు ఊగే వోల్టేజి.

ఏటీమెగా328పీని సెకనుకు 160 లక్షల స్పందనలతో నడపాలంటే, తయారీదారుల పట్టిక ప్రకారం సుమారు 3.8 వోల్టులు ఉండాలి. అంటే ప్రతి అలలోనూ అది కొంతసేపు తెలివిలోనూ కొంతసేపు తెలివితప్పీ ఉంటుంది. ఈ స్థితిలో అది ఆగిపోదు. తప్పు లెక్కలు చేస్తుంది. శాశ్వతంగా నిలువచేసే జ్ఞాపకంలో రైతు పెట్టుకొన్న హద్దు “4” ఉన్నచోట మరేదో అంకె రాయవచ్చును. అప్పుడు కరెంటు బాగుపడి, కావలి గడియారం లేపినా, లేచిన నియంత్రకం తప్పు హద్దునే పట్టుకొని బుద్ధిగా పనిచేస్తుంది. మూర్ఛకంటె ఇది చెడ్డది.

దీనికి విరుగుడు రీసెట్ వలయం. వోల్టేజి ఒక మట్టానికి దిగగానే నియంత్రకాన్ని రీసెట్‌లో అదిమిపెట్టి, మట్టం కోలుకొన్న తర్వాత కొంచెం వ్యవధి ఇచ్చి వదలడం దాని పని.

అతి చౌకైన రీసెట్ వలయం ఒక నిరోధకము, ఒక కండెన్సరు. 10,000 ఓముల నిరోధకం ద్వారా 10 మైక్రోఫారడుల కండెన్సరు నిండడానికి పదో వంతు సెకను ప్రాంతం పడుతుంది. ఆ లోపల 5 వోల్టులు స్థిరపడతాయని ఆశ. స్విచ్చి చటుక్కున వేసినప్పుడు ఆ ఆశ నెరవేరుతుంది. పైన చెప్పిన అలల విషయంలో ఈ వలయం గ్రుడ్డిది. అల క్రిందికి పోయిన కొద్ది మిల్లీ సెకన్లలో కండెన్సరు ఖాళీ కానేకాదు. త్వరగా ఖాళీ కావడానికి నిరోధకానికి అడ్డంగా డయోడు పెట్టేవారున్నారు. అది మంచిదే కాని, సరఫరా వోల్టేజి దాకానే కండెన్సరును దించగలదు. సరఫరా 3.35 దగ్గర ఉంటే రీసెట్ తీగ దానికంటె పైనే ఉండి “అంతా క్షేమం” అని చెబుతుంది. బొమ్మలకు ఈ వలయం చాలు. చెరువుగట్టుకు చాలదు.

అక్కడ కావలసినది వోల్టేజిని ఒక ప్రమాణంతో పోల్చిచూచే పర్యవేక్షక పలుకు. మాక్స్ 690ఏ అనేది ఈ తరగతికి మంచి ఉదాహరణ. 5 వోల్టుల సరఫరా 4.65కు దిగగానే అది రీసెట్ తీగను లాగుతుంది; కోలుకొన్న తర్వాత ఇంకో 0.2 సెకను పట్టి ఉంచి వదులుతుంది. దానిలోనే 1.6 సెకన్ల గడువు గల కావలి గడియారం కూడా ఉన్నది. అది నియంత్రకానికి వెలుపల ఉండడం చేత, దారితప్పిన కార్యక్రమం దానిని సులభంగా ఆపివేయలేదు.

వేరే పలుకు పెట్టే వీలులేనివారికి నియంత్రకంలోనే బ్రౌనౌట్ కనిపెట్టే భాగం ఉంటుంది. ఏటీమెగా328పీలో దానికి 1.8, 2.7, 4.3 వోల్టులని మూడు మట్టాలున్నాయి. కొత్త పలుకు కార్ఖానా నుంచి వచ్చేటప్పుడు ఈ భాగం ఆపివేసి ఉంటుంది. ప్రసిద్ధమైన ఆర్డుయినో ఉనో పలకమీద అది 2.7 దగ్గర పెట్టి ఉంటుంది. పైన లెక్క వేసిన లో వోల్టేజిని ఈ 2.7 కావలి చూసి కూడా పట్టించుకోదు, 4.3 అయితే వెంటనే పట్టుకొంటుంది. ఈ ఒక్క అమరిక మార్చడానికి పైసా ఖర్చు లేదు.

అందరూ ఒకేసారి లేస్తే

పెట్టె సరిగా రీసెట్ అయినంత మాత్రాన కథ ముగియదు. లేచిన తర్వాత ఏమి చేస్తుందన్నది అంతకంటె పెద్ద ప్రశ్న.

ఒకే ట్రాన్స్‌ఫార్మరు క్రింద ఇరవై చెరువులున్నాయనుకుందాము. తెల్లవారుజామున కరెంటు పోయి పది నిమిషాలకు వచ్చింది. అన్ని పెట్టెలూ ఒక్కసారి కళ్ళు తెరిచి, ప్రాణవాయువు తక్కువగా ఉన్నదని చూసి, అన్ని ఏరేటర్లకూ ఆజ్ఞ ఇచ్చాయి. మోటారు బయలుదేరే క్షణంలో తీసుకొనే ప్రవాహం, నిలకడగా తిరిగేటప్పటి ప్రవాహానికి అయిదారు రెట్లు ఉంటుంది. ఇరవై చెరువుల మోటార్లు ఒకేసారి అట్లా గుంజేసరికి లైను కుంగింది. రీసెట్ వలయాలు తమ ధర్మం తప్పకుండా అన్ని పెట్టెలనూ రీసెట్ చేశాయి. మోటార్లు ఆగాయి. లైను కోలుకొన్నది. 0.2 సెకను తర్వాత అన్నీ మళ్ళీ లేచి మళ్ళీ ఆజ్ఞ ఇచ్చాయి. ఈ దాగుడుమూతలు స్టార్టర్ల కొసలు కాలిపోయేదాకా సాగవచ్చును. ఏ పెట్టెలోనూ దోషం లేదు; అన్నీ కలిసిన చోట దోషం పుట్టింది.

ఉపాయం సులువు. ప్రతి పెట్టె తనకిచ్చిన సంఖ్యనుబట్టి కొంత ఆగి మోటారు వేయాలి. మూడో పెట్టె ముప్పై సెకన్లు, నాలుగోది నలభై సెకన్లు. ఇంతకంటె జాగ్రత్తపరులు రీసెట్లు ఎన్ని వెంటవెంటనే వచ్చాయో లెక్కించి, మూడుకు మించితే ఆ వ్యవధిని రెట్టింపు చేస్తూ పోతారు.

ఇంకొక సంగతి. రీసెట్‌లో ఉన్నంతసేపూ నియంత్రకపు కాళ్ళు ఎటూ చెప్పక ఊరకుంటాయి. ఆ సమయంలో మోటారు ఏ స్థితిలో ఉండాలో తీగలు నిర్ణయించాలి, కార్యక్రమం కాదు. ఏరేటరు విషయంలో అనవసరంగా తిరిగితే కొంత కరెంటు ఖర్చు. అనవసరంగా ఆగితే పంట నష్టం. అందుచేత రిలే విశ్రాంతిగా ఉన్నప్పుడు మూసుకొని ఉండే కొసలకు స్టార్టరును కలపడం మేలు. పెట్టె చచ్చినా ఏరేటరు తిరుగుతుంది. అయితే ఇట్లా కలిపినచోట కరెంటు రాగానే, పెట్టె తన వంతుకోసం ఆగుతున్నా మోటారు మాత్రం ఆగదు. కనుక స్టార్టరు వద్ద ఆలస్యంగా అంటుకొనే రిలే ఒకటి చేర్చి, ఒక్కొక్క చెరువుకు ఒక్కొక్క వ్యవధి పెట్టాలి. చెరువులోకి నీరు తోడే పంపు విషయంలో లెక్క తలక్రిందులు: ఆగితే ఆలస్యమే కాని, ఆగకపోతే గట్టు తెగుతుంది. దానిని తెరుచుకొని ఉండే కొసలకు కలపాలి.

సముద్రపు ఒడ్డున

ఈ తీరంలో యంత్రం మూగబోవడం పంట నష్టంతో పోయేది కాదు. 1864 నవంబరు 1 రాత్రి తుఫాను ఉప్పెన బందరును ముంచినప్పుడు సుమారు ముప్పైవేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమమీద సుమారు అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చిపడింది; అధికార లెక్కలలోనే మృతులు పదివేలకు చేరువ. ఆ తర్వాత 1980 దశకంలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తీర గ్రామాలకు సూటిగా హెచ్చరిక పంపే గ్రాహకాలను ఆంధ్ర, తమిళనాడు తీరాలలో పెట్టారు. ముందుగా ఒక సంకేతం వచ్చి, ఏ ప్రాంతపు గ్రాహకాలు అవసరమో వాటినే మేల్కొలిపి, ఆపై తెలుగులో హెచ్చరిక వినిపించే ఏర్పాటు అది. 1990 మేలో మళ్ళీ పెద్ద తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. అప్పటికి హెచ్చరికలు చాలా మెరుగైనవి, లక్షకు పైగా జనాన్ని ముందుగానే తరలించారు. మృతుల సంఖ్య వేయికి లోపల ఆగింది.

అట్టి గ్రాహకం నెలల తరబడి ఊరక పడి ఉండి, ఒక్క రాత్రి పలకాలి. నేడు తీరాన గాలివేగాన్నీ, వానమట్టాన్నీ, వాయుపీడనాన్నీ కొలిచి ఉపగ్రహం ద్వారా పంపే స్వయంచాలక వాతావరణ కేంద్రాల పరిస్థితీ అదే. సూర్యరశ్మి పలక, బ్యాటరీ, ఒక నియంత్రకం, ఒక ప్రసారిణి; చుట్టుప్రక్కల మనిషి ఉండడు. వరసగా మూడు రోజులు మబ్బు పడితే బ్యాటరీ మెల్లగా దిగజారుతుంది. ఇక్కడ వోల్టేజి చటుక్కున పడదు. గంటల తరబడి హద్దుమీద తచ్చాడుతుంది. హద్దుకు పైన లేచి, ప్రసారిణిని వేయగానే ఆ భారానికి హద్దు క్రిందికి పడి, రీసెట్ అయి, మళ్ళీ లేవడం జరగవచ్చును. అందుకని పడిపోయే మట్టమూ, తిరిగి లేవవలసిన మట్టమూ ఒకటిగా ఉండరాదు. 12 వోల్టుల బ్యాటరీ 11.5కు దిగితే ప్రసారం ఆపి, 12.3కు ఎక్కినప్పుడుగాని మొదలుపెట్టకుండా అమర్చాలి.

ప్రసారిణి, ఫోను మోడెము వంటివి తమలో తామొక నియంత్రకాన్ని పెట్టుకొన్న యంత్రాలు. అవి కూడా మూర్ఛపోతాయి. కావలి గడియారం మన నియంత్రకాన్ని లేపినా, ప్రక్కనున్న మోడెముకు ఆ సంగతి తెలియదు; దాని కరెంటు తీగ తెగలేదు గదా. కనుక మోడెముకు వచ్చే కరెంటును ఒక ట్రాన్సిస్టరు ద్వారా నియంత్రకమే ఇవ్వాలి. వరసగా కొన్ని సందేశాలు పోకపోతే దానిని అర నిమిషంపాటు ఆర్పి వెలిగించాలి. పల్లెలలో నెట్‌వర్క్ పోయినప్పుడు మనం ఫోను ఆపి వేయడం లాంటిదే ఇది.

పరీక్ష, పద్దు

కావలి గడియారం ఉన్నదని పటంలో చూసి తృప్తిపడకూడదు. యంత్రాన్ని కావాలని పడగొట్టి చూడాలి. కార్యక్రమంలో ఒకచోట అంతులేని చుట్టు రాసి, గడువులోపల లేస్తుందో లేదో చూడాలి. కొలమానం తీగ పీకి చూడాలి. వోల్టేజిని మెల్లగా మార్చగల ట్రాన్స్‌ఫార్మరు తెచ్చి 230 నుంచి సున్నా దాకా పది నిమిషాలు పట్టేలా దించి, అట్లాగే ఎక్కించాలి. ఆ తర్వాత జ్ఞాపకంలోని హద్దు ఇంకా “4” గానే ఉన్నదేమో చదవాలి. ఏటీమెగా328పీలో ఒక విశేషం కూడా ఉన్నది: కావలి గడియారం వల్ల రీసెట్ అయిన తర్వాత ఆ గడియారం ఆగదు, అతి తక్కువ గడువుతో నడుస్తూనే ఉంటుంది. కార్యక్రమంలోని మొదటి ఆజ్ఞలలోనే దాని సంగతి చూడకపోతే యంత్రం లేవబోతూ లేవబోతూ మళ్ళీ మళ్ళీ పడుతుంది. కొన్ని పాత ఆర్డుయినో నానో పలకలలో, ముందుగా నడిచే చిన్న కార్యక్రమం ఈ జాగ్రత్త తీసుకోకపోవడం చేతనే ఈ చిక్కు వచ్చేది.

లేచిన నియంత్రకం తాను ఎందుకు పడిందో చెప్పగలదు. దానిలో నాలుగు గుర్తులుంటాయి: కరెంటు కొత్తగా వచ్చిందా, బయటి రీసెట్ తీగ లాగారా, వోల్టేజి కుంగిందా, కావలి గడియారం లేపిందా. వీటిని చదివి, వేళతో సహా పద్దు రాసి, పిమ్మట తుడిచివేయాలి. కావలి గడియారం గుర్తు తరచుగా కనిపిస్తే కార్యక్రమం రాసినవాని దగ్గరకు పోవాలి. వోల్టేజి కుంగిన గుర్తు రోజూ తెల్లవారుజామున ఒకే వేళకు కనిపిస్తూ ఉంటే కార్యక్రమాన్ని ఎంత దిద్దినా లాభం లేదు. ఆ వేళకు అదే లైనుమీద ఏ మోటారు బయలుదేరుతున్నదో, స్తంభం నుంచి పాకకు వచ్చే తీగ ఎంత సన్నగా ఉన్నదో చూడాలి.

ఈ పద్దును తుఫాను నెలలు రాకముందే, సెప్టెంబరులో ఒకసారి తీసి చదవడం మంచిది. చిలుమెక్కిన కనెక్టర్లు తుడవడానికీ, బలహీనపడిన బ్యాటరీ మార్చడానికీ అప్పటికింకా వ్యవధి ఉంటుంది.